తారు రోడ్డు ర్యాలీకి దిగేముందు: కారు సంగతి తర్వాత, ముందు రోడ్డు అంచు చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. కొన్ని సీజన్లుగా ట్రాక్ డేలకు (రేస్ ట్రాక్ మీద సొంత కారు నడుపుకునే రోజులకు) వెళ్తున్నారు, చేతిలో 300 హార్స్‌పవర్ కారు ఉంది. ట్రాఫిక్ ఆపేసిన పబ్లిక్ రోడ్ల మీద జరిగే అమెచ్యూర్ తారు రోడ్డు ర్యాలీలో దిగాలనుకుంటున్నారు. మలుపుల గురించి రాసుకున్న నోట్స్ చదవడానికి, అంటే కో-డ్రైవర్‌గా, మీ బావమరిది పక్కన కూర్చుంటానన్నారు. రోల్ కేజ్ (కారు లోపల బిగించే ఇనుప గొట్టాల చట్రం) నిజంగా అవసరమా, ట్రాక్ అనుభవం సరిపోతుందా, ఇంట్లోవాళ్లు పడుతున్న టెన్షన్‌లో అర్థముందా అని మీ ప్రశ్న.

అర్థముంది. నేను చాలా ఏళ్లు కో-డ్రైవర్ సీట్లో కూర్చున్నాను, ఆ తర్వాత స్టేజ్ (టైమ్ పెట్టి పోటీ జరిగే మూసిన రోడ్డు భాగం) సేఫ్టీ పనులు చూశాను. ఈ ఆటంటే నాకు ప్రాణం, మిమ్మల్ని వద్దనడానికి ఇది రాయడం లేదు. కానీ ట్రాక్ నుంచి వచ్చేవాళ్లలో దాదాపు అందరూ ఒక విషయాన్ని తలకిందులుగా పట్టుకుంటారు. ఈ మలుపులో నా కారు ఎంత వేగం తట్టుకుంటుంది అని లెక్క వేస్తారు. ర్యాలీలో వేయాల్సిన లెక్క వేరు: ఈ మలుపులో నేను రోడ్డు దాటి బయటికి పోతే అక్కడ ఏముంది? వేగాన్ని దాన్నిబట్టి నిర్ణయించుకోవాలి. కింద చెప్పేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ట్రాక్‌లో మీరు ఒకే మలుపును రోజంతా తిరుగుతారు. మొదటి ల్యాప్‌లో కాస్త ముందుగా బ్రేక్ వేస్తారు, పదో ల్యాప్‌కి ఎక్కడ వేయాలో పాదానికే తెలిసిపోతుంది. తప్పు జరిగితే ఖాళీ స్థలం ఉంటుంది, కంకర మడి ఉంటుంది, టైర్ల గోడ ఉంటుంది. కనిపించే దూరంలోనే జెండా పట్టుకున్న మనిషి ఉంటాడు. ర్యాలీ స్టేజ్‌లో ప్రతి మలుపూ మీకు ఒక్కసారే వస్తుంది. ఖాళీ స్థలం అనేది ఉండదు. తెల్ల గీత దాటాక అడుగు దూరంలో చెట్టో, కల్వర్టు గోడో, కరెంటు స్తంభమో, లోయో ఉంటుంది. ఆ రోడ్డు వేసినవాళ్లు మామూలు ప్రయాణ వేగాలను దృష్టిలో పెట్టుకుని వేశారు. దాని గార్డ్ రైల్ కూడా అంతే, ఆ వేగంలో పక్కవాటుగా రాసుకుంటూ వచ్చే కారును ఆపడానికి పెట్టింది.

గార్డ్ రైల్ మాట ఎందుకు ఎత్తానంటే, 2011 ఫిబ్రవరిలో ఫార్ములా వన్ డ్రైవర్ రాబర్ట్ కుబిత్సా ఇటలీలో ఒక చిన్న ర్యాలీలో సరదాగా పాల్గొన్నాడు. కారు గార్డ్ రైల్‌ను ఢీకొట్టింది. ఆ రైల్ ముందు నుంచి కారులోకి చొచ్చుకొచ్చింది. అతని కుడి ముంజేయి కొంతవరకు తెగిపోయింది. పక్కన కూర్చున్న కో-డ్రైవర్‌కు పెద్ద దెబ్బలేమీ తగల్లేదు. ప్రపంచంలో అత్యుత్తమ డ్రైవర్లలో ఒకడు, పద్ధతి ప్రకారం కట్టిన ర్యాలీ కారు, పూర్తి కేజ్, అయినా అలా జరిగింది. 2023 ఏప్రిల్‌లో క్రొయేషియా తారు రోడ్డు మీద టెస్ట్ చేస్తూ ర్యాలీ డ్రైవర్ క్రెయిగ్ బ్రీన్ చనిపోయింది కూడా ఇలాంటి కారణంతోనే. కారు జారి కంచెలోకి పోయింది, కంచె కొయ్య డ్రైవర్ వైపు నుంచి లోపలికి వచ్చింది. కో-డ్రైవర్ క్షేమంగా బయటపడ్డాడు. ఈ రెండు సంఘటనల్లోనూ ప్రమాదం ఎంత ఘోరంగా మారిందన్నది డ్రైవర్ నైపుణ్యాన్నిబట్టి తేలలేదు, రోడ్డు పక్కన ఉన్న వస్తువునుబట్టి తేలింది.

ఇక తారు రోడ్డు మట్టి రోడ్డు కన్నా సురక్షితం అనే భ్రమ. మట్టి మీద కారు ఎప్పుడూ కాస్తో కూస్తో జారుతూనే ఉంటుంది, హద్దు ఎక్కడుందో ముందే తెలుస్తుంది, వేగం కూడా తక్కువే. తారు మీద గ్రిప్ ఎక్కువ కాబట్టి వేగం ఎక్కువ. ఆ గ్రిప్ పోయేటప్పుడు చెప్పి పోదు. గంటకు 100 కి.మీ. వేగంలో కారు సెకనుకు 28 మీటర్లు పోతుంది. 140లో దాదాపు 39 మీటర్లు. ఆ రెండు వేగాల మధ్య ఢీకొట్టే శక్తి సుమారు రెట్టింపవుతుంది. స్పీడోమీటర్ ముల్లు కదిలింది కొంచెమే అనిపిస్తుంది, చెట్టుకు మాత్రం రెండు కార్లు ఒకేసారి తగిలినట్టు. 300 హార్స్‌పవర్ కారుతో వచ్చే అసలు చిక్కు మలుపులో కాదు, మలుపుకు ముందున్న చిన్న తిన్నటి దారిలో. తక్కువ పవర్ ఉన్న కారు అదే దారిలో 110 అందుకుంటే మీది 150 అందుకుంటుంది. రోడ్డు వెడల్పు, చెట్టు, గోడ ఇద్దరికీ ఒకటే.

దీనికి పెద్ద ఉదాహరణ ఆస్ట్రేలియాలోని టార్గా టాస్మేనియా. 1992లో మొదలైన ఈ పోటీలో మామూలు మనుషులు తమ సొంత స్పోర్ట్స్ కార్లతో రోజుల తరబడి పబ్లిక్ రోడ్ల మీద పోటీ పడేవాళ్లు. 2021లో రెండు వేర్వేరు ప్రమాదాల్లో ముగ్గురు చనిపోయారు. 2022లో మరొకరు. ఆ తర్వాత ఆ తరహా పోటీలను ఆపి విచారణ జరిపారు. అక్కడ చర్చకు వచ్చిన అంశాలే మీకూ వర్తిస్తాయి: షోరూమ్ నుంచి వచ్చే కార్లు గత ఇరవై ముప్పై ఏళ్లలో విపరీతంగా వేగం పుంజుకున్నాయి, రోడ్లు అలాగే ఉన్నాయి, డ్రైవర్ అనుభవం ఆ కారు స్థాయికి చేరిందా అని గట్టిగా చూసే పద్ధతి లేదు. డబ్బుంటే కారు వెంటనే వస్తుంది. అనుభవానికి మాత్రం సీజన్లు పడతాయి.

ట్రాక్ అనుభవం పనికిరాదని నేను అనను. బ్రేక్ మీద పట్టు, కారు బరువు ఎటు మారుతోందో తెలియడం, చూపు దూరంగా పెట్టడం, ఇవన్నీ అక్కరకొస్తాయి. కానీ పబ్లిక్ రోడ్డుకు నడిమి గట్టు ఉంటుంది. నీళ్లు రెండు పక్కలకూ జారిపోవడానికి మధ్యలో ఎత్తుగా వేస్తారు. ట్రాక్ లైన్ పట్టుకుని మలుపు బయటి అంచు నుంచి లోపలి అంచుకు, మళ్లీ బయటికి కోసుకుంటూ పోయారనుకోండి, ఆ గట్టు దాటగానే రోడ్డు మీకు వ్యతిరేక దిశలో వాలుతుంది. సరిగ్గా గ్రిప్ కావలసిన చోటే తగ్గుతుంది. దానికి తోడు ముందు వెళ్లిన కార్లు మలుపు లోపలి అంచు తొక్కి మట్టీ గులకరాళ్లూ రోడ్డు మీదికి లాగి ఉంటాయి. రెక్కీలో, అంటే పోటీకి ముందు దారి చూసుకునేటప్పుడు, శుభ్రంగా చూసిన మలుపు, మీ వంతు వచ్చేసరికి గోలీలు పరిచినట్టు తయారవుతుంది. చెట్ల నీడలో తడి మధ్యాహ్నం దాకా ఆరదు. గట్టి సస్పెన్షన్‌తో నేలకు దించిన ట్రాక్ కారు, అతుకుల రోడ్డు మీద బ్రేక్ వేసే చోట ఎగిరెగిరి పడుతుంది. చక్రం గాల్లో ఉన్నప్పుడు బ్రేక్ పనిచేయదు. కాబట్టి సస్పెన్షన్ మెత్తబరచండి, ఎత్తు పెంచండి. ట్రాక్ మీద టైమ్ పోతుంది, పోనివ్వండి.

పేస్ నోట్స్, అంటే కో-డ్రైవర్ చదివే ఆ మలుపుల నోట్స్ గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఖర్చు లేని రక్షణ ఇదొక్కటే. చాలామంది కొత్తవాళ్లు నోట్స్‌ను వేగం పెంచే సాధనంగా చూస్తారు. మలుపు ఎంత బిగువుగా ఉందో అంకెల్లో రాసుకుంటారు, 1 అంటే బాగా బిగువు, 6 అంటే దాదాపు తిన్నగా, అంతటితో ఆపేస్తారు. నేను కో-డ్రైవర్‌గా ఉన్నప్పుడు ప్రతి మలుపుకూ బయట ఏముందో రాసేదాన్ని. ఒక నోట్ ఇలా ఉండేది: "80, గట్టు మీద కుడి 4, బిగుస్తుంది, కట్ వద్దు, బయట స్తంభం." 80 అంటే ముందున్న తిన్నటి దారి మీటర్లలో. గట్టు అంటే ఇక్కడ రోడ్డు ఎక్కి దిగే మిట్ట, ఆవల ఏముందో కనిపించదు, అక్కడ కారు బరువు తేలికవుతుంది. బిగుస్తుంది అంటే లోపలికి వెళ్లేకొద్దీ మలుపు ముడుచుకుంటుంది. కట్ వద్దు అంటే మలుపు లోపలి అంచు తొక్కవద్దని. 'బయట స్తంభం' అని వినగానే డ్రైవర్ 4కు పట్టే వేగంతో పోకూడదు, 3కు పట్టే వేగంతో పోవాలి. స్తంభం లేకుండా బయట గడ్డి మైదానం ఉంటే అదే మలుపును 4గానే తీసుకోవచ్చు. అంటే అంకె మలుపుకు, వేగం మలుపు అవతల ఉన్నదానికి. ఈ అలవాటు మొదటి ర్యాలీ నుంచే చేసుకోండి. అరువు నోట్స్‌తో పోకండి. నిర్వాహకులు నోట్స్ ఇచ్చినా రెక్కీలో మీ కళ్లతో చూసి మీ మాటల్లోకి మార్చుకోండి. రెక్కీ మామూలు ట్రాఫిక్‌లో, మామూలు వేగంలో జరుగుతుంది కాబట్టి ఎగుడుదిగుళ్లు అప్పుడు చిన్నగానే తోస్తాయి. స్టీరింగ్‌లో ఏమాత్రం కుదుపు తెలిసినా రాయించండి.

ఇప్పుడు కేజ్ సంగతి. నిర్వాహకుల నిబంధన ఏదైనా కానివ్వండి, టైమ్ పెట్టి పోటీ పడే స్టేజ్‌లో పూర్తి కేజ్ లేకుండా దిగవద్దు. వెనక సీట్ల దగ్గర మాత్రమే పెట్టే సగం కేజ్ ముందు కూర్చున్న ఇద్దరికీ పక్క నుంచి వచ్చే దెబ్బకు ఏ రక్షణా ఇవ్వదు. చెట్టు తగిలేది చాలావరకు తలుపు వైపునే. ఎందుకంటే తారు మీద అదుపు తప్పిన కారు అడ్డం తిరిగి పోతుంది. అందుకే తలుపులకు అడ్డ గొట్టాలు, తలకు ఇరుపక్కలా రెక్కలున్న సీటు తప్పనిసరి అనుకోండి.

కేజ్, సీటు, హార్నెస్ (భుజాలనూ నడుమునూ పట్టి ఉంచే రేసింగ్ బెల్టు), హెల్మెట్ ఒక జట్టు. ఒకటి పెట్టి ఇంకొకటి వదిలేస్తే కొన్నిసార్లు మామూలు కారు కన్నా ప్రమాదం. పైకప్పుకు బలం ఇవ్వకుండా హార్నెస్ బిగించారనుకోండి, కారు పల్టీ కొట్టి కప్పు కుంగినప్పుడు మీరు పక్కకు వాలలేరు, నిటారుగా ఉండిపోతారు. మామూలు సీటుకు హార్నెస్ తగిలిస్తే నడుము పట్టీ కింద నుంచి ఒళ్లు జారిపోతుంది. పొట్టలోని అవయవాలు దెబ్బతినేది అలాగే. భుజం పట్టీలు సీటు పైఅంచు నుంచి వెనక్కి, ఇంచుమించు సమాంతరంగా పోవాలి. మోటార్ స్పోర్ట్స్ ప్రపంచ సంస్థ ఎఫ్‌ఐఏ నిబంధనలు 45 డిగ్రీలకు మించి కిందికి దిగకూడదంటాయి, 10 డిగ్రీల లోపు ఉండాలని సిఫార్సు చేస్తాయి. సీటు వెనక నేలకు బోల్టు వేసి పట్టీని నిలువుగా దించిన కార్లు స్క్రూటినీలో (పోటీకి ముందు జరిగే కారు తనిఖీలో) నాకు ఎన్నో తగిలాయి. ఢీకొన్న క్షణంలో ఆ పట్టీ భుజాలను కిందికి నొక్కుతుంది, ఆ భారం మొత్తం వెన్నుపూస మీద పడుతుంది. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, కొత్త పట్టీ, మెరిసే బకిల్. బోల్టు చోటు ఒక్కటి తప్పు.

మెడను పట్టి ఉంచే పరికరం, అందరూ హాన్స్ అనేది, హెల్మెట్‌తో పాటే కొనండి. హార్నెస్ ఒంటిని ఆపేస్తుంది, తల మాత్రం హెల్మెట్ బరువుతో ముందుకు పోతుంది. పుర్రె అడుగు భాగం చిట్లడం వల్ల డ్రైవర్లు చనిపోయిన రోజులు చూశాకే ఇది తప్పనిసరి అయ్యింది. సీటు మీద, పట్టీల మీద, హెల్మెట్ లోపల ఎఫ్‌ఐఏ లేబుల్ ఉంటుంది, పట్టీల మీద గడువు సంవత్సరం కూడా ఉంటుంది. సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు ధర కన్నా ముందు అది చూడండి. ఒకసారి ప్రమాదంలో పనిచేసిన పట్టీ, నేల మీద గట్టిగా పడిన హెల్మెట్ ఎంత బాగా కనిపించినా తీసుకోవద్దు. తల తగిలే అవకాశమున్న ప్రతి గొట్టానికీ గట్టి ప్యాడింగ్ వేయించండి. కేజ్ ఉన్న కారును హెల్మెట్ లేకుండా రోజువారీ తిప్పడం మంచిది కాదు. చిన్న గుద్దులో కూడా ఇనుప గొట్టం నేరుగా తలకు తగులుతుంది.

ఇంజిన్ జోలికి పోకండి. ఆ డబ్బు బ్రేకుల మీద పెట్టండి. కొండ దిగే స్టేజ్‌లో బ్రేకులు చల్లబడే వ్యవధే ఉండదు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకానికి కొత్తగా ఉన్నప్పుడు మరిగే ఉష్ణోగ్రత కనీసం 230 డిగ్రీల సెల్సియస్ ఉండాలి, తేమ పట్టాక అది 155 దాకా పడిపోవచ్చు. ఆయిల్ మరిగితే పెడల్ నేలకు దిగిపోతుంది, కారు ఆగదు. ప్రతి పోటీకి ముందు ఆయిల్ మార్పించండి. టైర్ల విషయంలో ఒకే మాట: గాడులు దాదాపు లేని సెమీ స్లిక్ టైర్లతో తడి రోడ్డు మీద పోటీ వద్దు. నీళ్లు పోవడానికి దారి ఉండదు, కారు నీటి మీద తేలుతుంది. వాన అనుమానం ఉంటే వాన టైర్లు, లేకపోతే బాగా నెమ్మదిగా.

ప్రమాదం జరిగాక మొదటి నిమిషం గురించి ఎవరూ ప్రాక్టీస్ చేయరు, చేయాలి. మీ వెనక ఇంకో కారు నిమిషం తేడాలోనో, ఇంకా తక్కువలోనో వస్తూ ఉంటుంది. మీరు ఆగిపోయారని ఆ డ్రైవర్‌కు తెలియదు. క్షేమంగా ఉంటే కో-డ్రైవర్ ఎర్ర త్రికోణం తీసుకుని, కారుకు వెనక కనీసం 50 మీటర్ల దూరంలో, రోడ్డుకు అదే పక్కన, వచ్చేవాళ్లకు కనిపించేలా పెట్టాలి. మలుపు అవతల ఆగి ఉంటే 50 చాలదు, మలుపుకు ఇవతలిదాకా పరిగెత్తాలి. తర్వాత ఓకే బోర్డు చూపించాలి. డాక్టర్ కావాలంటే ఎస్ఓఎస్ బోర్డు. ఎస్ఓఎస్ చూసిన మొదటి కారు ఆగి సాయం చేయాలి, ఆ తర్వాతి కారు ముందున్న రేడియో పాయింట్‌కు కబురు చేర్చాలి. పోతున్న టైమ్ గురించి అప్పుడు ఆలోచించకూడదు, నిర్వాహకులు దాన్ని సర్దుతారు. త్రికోణం డిక్కీలో సామాన్ల కింద పెట్టుకునేవాళ్లున్నారు. బెల్టు విప్పగానే చేతికందే చోట ఉండాలి. పట్టీలు కోసే కత్తి, మంటలార్పే సిలిండర్ పిన్ను ఇద్దరికీ కూర్చున్నచోటి నుంచే అందాలి. బెల్టులు బిగించుకుని, కళ్లు మూసుకుని, ఇవన్నీ తడిమి పట్టుకోవడం, తలుపు తీసి బయటికి రావడం ఇంటి ముందే సాధన చేయండి.

ఇవన్నీ మీ చేతిలో ఉన్నవి. మీ చేతిలో లేనిది నిర్వహణ. అందుకే ఎంట్రీ ఫీజు కట్టేముందు నిర్వాహకులకు ఫోన్ చేసి అడగండి. స్టేజ్ మొదట్లో డాక్టరున్న వాహనం సిద్ధంగా ఉంటుందా? పొడవైన స్టేజ్ అయితే మధ్యలో కూడా ఉందా? కొండల మధ్య రేడియో అందని చోట్లు గుర్తించారా? ప్రతి కారులో ట్రాకర్ పెడతారా? స్టేజ్‌లోకి వచ్చే ప్రతి సందుకూ, పొలం గేటుకూ, ఇంటి దారికీ మనిషిని పెడతారా, లేక టేపు కట్టి వదిలేస్తారా? పోటీకి ముందు ఖాళీ రోడ్డును పరీక్షించే జీరో కార్లు ఎన్ని? మరీ వేగంగా ఉండే తిన్నటి దారుల్లో అడ్డాలు పెట్టి వేగం తగ్గిస్తున్నారా? ఇన్సూరెన్స్ డ్రైవర్‌కూ, కో-డ్రైవర్‌కూ, చూసేవాళ్లకూ ఎంతవరకు వర్తిస్తుంది? మంచి నిర్వాహకులు ఈ ప్రశ్నలకు సంతోషంగా, వివరంగా జవాబిస్తారు. విసుక్కున్నా, "అదంతా మేం చూసుకుంటాం" అన్నా ఆ పోటీకి వెళ్లకండి.

చూసేవాళ్ల విషయం నన్ను అన్నిటికన్నా బాధపెడుతుంది, వాళ్లకు హెల్మెట్ లేదు, కేజ్ లేదు. 1957 మే 12న ఇటలీలో మిల్లే మిలియా పోటీలో, గ్విదిజోలో అనే ఊరి దగ్గర ఒక ఫెరారీ టైర్ పేలి కారు జనంలోకి దూసుకుపోయింది. చూడ్డానికి వచ్చినవాళ్లలో తొమ్మిది మంది చనిపోయారు, వాళ్లలో ఐదుగురు పిల్లలు. డ్రైవర్, కో-డ్రైవర్ కూడా పోయారు. పబ్లిక్ రోడ్ల మీద ఆ వేగపు పందెం అంతటితో ఆగిపోయింది. అయినా ఈ సమస్య పాతకాలంతో పోలేదు. 2014లో స్కాట్లాండ్‌లో జిమ్ క్లార్క్ ర్యాలీలో ముగ్గురు ప్రేక్షకులు మరణించారు. మీ స్నేహితులు, ఇంట్లోవాళ్లు చూడ్డానికి వస్తే మలుపు బయటి వైపు, గట్టు దిగే చోట, కంచె ముందు నిలబడవద్దని ముందే చెప్పండి. రోడ్డు కన్నా బాగా ఎత్తుగా, వెనక్కి తప్పుకోవడానికి దారి ఉన్న చోట మాత్రమే నిలబడాలి. స్టేజ్‌లో డ్రైవ్ చేస్తూ ఎవరైనా ప్రమాదకరమైన చోట నిలబడ్డారనిపిస్తే, వేగం తగ్గించి, స్టేజ్ చివర అధికారులకు చెప్పండి. చాలామంది చెప్పరు. చెప్పడం వల్ల ఆ స్టేజ్‌ను రద్దు చేయవచ్చు, చేయనివ్వండి.

మూసేయని రోడ్ల మీద, తెల్లవారుజామున ట్రాఫిక్ ఉండదు కదా అని పెట్టుకునే 'ప్రైవేట్ ర్యాలీ'లకు మిమ్మల్ని ఎవరైనా పిలిస్తే వెళ్లవద్దు. నేను పైన చెప్పిన ఏ జాగ్రత్తా అక్కడ పనిచేయదు. ఎదురుగా వచ్చే పాల వ్యాన్‌కు మీ పేస్ నోట్స్ తెలియవు. అలాగే రెండు స్టేజ్‌ల మధ్య మామూలు ట్రాఫిక్‌లో నడపాల్సిన దారిలో రూల్స్ మామూలువే. స్టేజ్ వేడి ఇంకా ఒంట్లో ఉంటుంది కాబట్టి ఆ భాగంలో కో-డ్రైవర్ స్పీడోమీటర్ మీద కన్ను వేసి ఉంచాలి.

మీ పరిస్థితికి నా సలహా ఇది. ముందు ఏదైనా ర్యాలీలో మార్షల్‌గా (రోడ్డు పక్కన నిలబడి భద్రత చూసే మనిషిగా) పనిచేయండి, కార్లు రోడ్డు అంచుకు ఎంత దగ్గరగా పోతాయో పక్క నుంచి చూస్తే కారులోంచి చూసినదానికి పోలికే ఉండదు. తర్వాత రెగ్యులారిటీ ర్యాలీ చేయండి. అక్కడ చట్టబద్ధమైన వేగంలోనే సెకన్ల లెక్కతో సమయం పాటించాలి. నోట్స్, సమయం, ఇద్దరి మధ్య పొత్తు అన్నీ అక్కడే నేర్చుకోవచ్చు. కొన్ని పోటీల్లో టైమ్ లేకుండా, ముందు నడిచే కారు వెనక వేగ పరిమితితో స్టేజ్‌లను చూపించే టూర్ విభాగం ఉంటుంది, మీ 300 హార్స్‌పవర్ కారును మొదటి ఏడాది అందులో పెట్టండి. పోటీ పడాలని ఉంటే తక్కువ పవర్, పూర్తి కేజ్ ఉన్న తయారు కారును అద్దెకు తీసుకోండి. మీ కారులో సరైన కేజ్ కట్టించడం కన్నా అది చాలాసార్లు చవక కూడా.

ఇక మీ బావమరిది. ఆయనకు కారులో చదివితే కడుపులో తిప్పుతుందా అని ముందు చూడండి. వంకర దారిలో, తల దించి, గంటసేపు పుస్తకం గట్టిగా చదివించండి. తిప్పితే వేరేవాళ్లను చూసుకోవడమే మంచిది. నోట్స్ తప్పిపోయిన కో-డ్రైవర్ వల్ల మీరు గట్టు అవతలికి గుడ్డిగా పోతారు. తిప్పకపోతే, మీకున్నంత మంచి సీటు, హెల్మెట్, హాన్స్ ఆయనకూ కొనండి. మిగిలింది చిన్న జాగ్రత్త. నోట్స్‌లో తను ఎక్కడున్నాడో తెలియకపోతే వెంటనే "పోయింది" అనాలి, మీరు ఆ క్షణమే వేగం తగ్గించి కనిపించినంత మేరే నడపాలి. మీరు మరీ తోస్తున్నారనిపిస్తే "తగ్గించు" అనాలి, మీరు కారణం అడగకుండా తగ్గించాలి. చుట్టరికంలో పెద్దా చిన్నా, మొహమాటం ఉంటాయి కాబట్టి ఇది స్టార్ట్ లైన్ దగ్గర మాట్లాడుకునే సంగతి కాదు. రెక్కీకి బయల్దేరకముందే, ఇద్దరూ తీరిగ్గా కూర్చుని తేల్చుకోండి. ఆ మాట ఆయన నోటి నుంచి వస్తుందో లేదో రెగ్యులారిటీ ర్యాలీలోనే మీకు తెలిసిపోతుంది.